వేముల.. ఏముల.. యేముల్

సిరిసిల్ల, జగిత్యాల, కోరుట్ల నుంచి షోలాపూర్, భివండి పోయిన మనవాళ్ల వెంట ఇంటిపేర్లూ పోయాయి. దారిలో కొన్నింటికి మొదలు రాలిపోయింది, కొన్నింటికి చివర తెగిపోయింది. అయినా ఏ ఊరినుంచి వచ్చామో ఆ పేర్లు ఇంకా చెబుతూనే ఉన్నాయి.

మహారాష్ట్రలోని షోలాపూర్ లోక్‌సభ స్థానానికి 1980, 1984, 1989, 1991, 1996లలో ఎన్నికలు జరిగాయి. మొదటి రెండుసార్లు గంగాధర్ కుచన్, తర్వాతి రెండుసార్లు ధర్మన్న సాదుల్, ఐదోసారి లింగరాజ్ వల్యాల్ గెలిచారు. మొదటి ఇద్దరిది కాంగ్రెస్, మూడో ఆయనది బీజేపీ. పార్టీ ఏదైనా ముగ్గురూ తెలుగు పద్మశాలి ఇండ్ల నుంచి వచ్చినవాళ్లే. లోక్‌సభ జాబితాలో సాదుల్ పూర్తి పేరు ధర్మన్న మొండయ్య సాదుల్. మధ్యలో ఉన్న మొండయ్య తండ్రి పేరు. కరీంనగర్ ప్రాంతంలో ఏ ఊరికి పోయినా ఒక మొండయ్య తగులుతాడు. చివరనున్న సాదుల్ మన దగ్గర సాదుల.

షోలాపూర్ నుంచే 1978, 1995, 2004లలో సీపీఎం తరఫున శాసనసభకు గెలిచిన కార్మిక నాయకుడు నర్సయ్య ఆడం. ఇంగ్లిష్‌లో రాసిన ఆ పేరు చదివితే బైబిల్ ఆదాము గుర్తొస్తాడు. కానీ ఆడం మన తెలుగు ఇంటిపేరు. బీడీలు చుట్టే ఆడవాళ్ల కోసం ఆయన పోరాడి కట్టించిన గోదూతాయి పరులేకర్ కాలనీలో పదివేల ఇండ్లున్నాయి. ఆ ఇండ్ల మీద రాసిన పేర్లు చదువుకుంటూ పోతే సిరిసిల్లలో తిరుగుతున్నట్టే అనిపిస్తుంది.

ఒక ఇంటిపేరు ఎలా పుడుతుంది, ఎట్లా ఊళ్లు దాటుతుంది, దాటినప్పుడు దానికేమవుతుంది? అందరికీ తెలిసిన ఒక చిన్న ఇంటిపేరును పట్టుకొని ఆ దారి వెంట పోదాం. ఆ పేరు వేముల.

యాపచెట్టు పేరు

వేము అంటే వేప. మన దగ్గర యాప. వేప ఊరూరా పెరిగే చెట్టు కాబట్టి ఆ పేరుతో ఊళ్లూ అనేకం పుట్టాయి. వైఎస్సార్ కడప జిల్లాలో వేముల పేరుతో ఒక మండలమే ఉంది. ఊళ్లు వేరైనప్పుడు వాటినుంచి బయల్దేరిన ఇండ్లూ వేరే. అందుకే ఈ ఇంటిపేరు ఏ ఒక్క కులానికీ సొంతం కాలేదు. మాజీ మంత్రి వేముల ప్రశాంత్‌రెడ్డి, నకిరేకల్ ఎమ్మెల్యే వేముల వీరేశం, 'కక్క' నవల రాసిన వేముల ఎల్లయ్య ముగ్గురిదీ ఒకే ఇంటిపేరు, అందరిదీ ఒకే సామాజిక వర్గం మాత్రం కాదు. సిరిసిల్ల పద్మశాలి వాడల్లోనూ వేముల వాళ్లున్నారు. గాజుల, కొండ, గడ్డం, దాసరి పేర్లదీ ఇదే తీరు. ఇంటిపేరు చెప్పగానే కులం తెలిసిపోతుందనుకునేవాళ్లు ఈ పేర్ల దగ్గర తప్పులో కాలేస్తారు.

ఇంగ్లండ్‌లో ఇలాంటి ప్రశ్నకు జన్యుశాస్త్రంతో జవాబు వెతికారు. సైక్స్ అన్న ఇంటిపేరున్న మగవాళ్ల వై క్రోమోజోములను ఆక్స్‌ఫర్డ్ శాస్త్రవేత్త బ్రయాన్ సైక్స్ 2000లో పోల్చి చూశారు. ఒకరికొకరు చుట్టరికం తెలియని వాళ్లలోనూ సగానికి దగ్గరగా ఒకే గుర్తు కనిపించింది. అంటే వాళ్లలో చాలామంది ఒకే మూలపురుషుడి సంతతి. అరుదైన ఇంటిపేరుకు ఒకే మూలం ఉండే అవకాశం ఎక్కువ. వేముల అరుదైనది కాదు, దానికి మూలాలు చాలా. మన దగ్గర వేముల వాళ్లంతా ఒకే తాత మనవలు కారు, ఒకే చెట్టు పేరు పెట్టుకున్న చాలా ఊళ్ల మనుషులు.

ఊరు విడిచినవాళ్లకే ఊరి పేరు

సిరిసిల్లలో పుట్టి, అక్కడే బతికి, అక్కడే పోయిన మనిషిని సిరిసిల్లాయన అని ఎవరూ పిలవరు. అక్కడ అందరూ సిరిసిల్లవాళ్లే కదా. ఆ మనిషి పది ఆమడల దూరం పోయి స్థిరపడితేనే కొత్త ఊరివాళ్లు 'సిరిసిల్ల నుంచి వచ్చినోళ్లు' అంటారు. రెండు తరాలు గడిచేసరికి 'నుంచి వచ్చినోళ్లు' ఊడిపోయి 'సిరిసిల్ల' ఇంటిపేరుగా మిగులుతుంది. 2009లో వరంగల్ ఎంపీగా గెలిచిన సిరిసిల్ల రాజయ్య ఇంటిపేరు అలాంటిదే. గోదావరి ఒడ్డున నరసింహస్వామి కొలువైన ధర్మపురి జగిత్యాల జిల్లాలో ఉంది. ధర్మపురి ఇంటిపేరున్న రాజకీయ నాయకుడు డి.శ్రీనివాస్ సొంతూరు మాత్రం నిజామాబాద్ జిల్లా వేల్పూర్.

కాబట్టి ఊరిపేరున్న ప్రతి ఇంటిపేరూ ఒక వలస కథే. పాల్కురికి సోమన, బమ్మెర పోతన పేర్లలోనూ ఊళ్లున్నాయి. కరీంనగర్ జిల్లాకు 1905 దాకా ఎలగందుల జిల్లా అని పేరు. సర్కారు ఆ పేరు మార్చింది. ఎలగందుల ఇంటిపేరున్న కుటుంబాలు మాత్రం ఇప్పటికీ ఆ పేరుతోనే ఉన్నాయి. ఊరి పేరు కాకపోతే చెరువో కుంటో ఉంటుంది. సిరిసిల్లకు 2009 నుంచి కేటీఆర్, కోరుట్లకు 2009 నుంచి 2023 దాకా విద్యాసాగర్‌రావు ఎమ్మెల్యేలు. ఇద్దరి ఇంటిపేరూ కల్వకుంట్లే. చెరువులు, కుంటల మీద బతికిన నేలకు తగిన పేరది.

నేతపని చేసేవాళ్ల ఇంటిపేర్లలో నేత చాలావరకు కనిపించకపోవడం మరో విశేషం. ఇంగ్లిష్‌లో వెబ్, వెబ్‌స్టర్, వీవర్ మూడింటికీ నేసేవాడనే అర్థం. ఇంగ్లండ్ పల్లెలో నేసే ఇల్లు ఒకటో రెండో ఉండేవి కాబట్టి ఆ పని చెబితే మనిషి తెలిసిపోయేవాడు. సిరిసిల్లలో వీధి వీధంతా మగ్గాలే. అక్కడ 'నేసే మల్లయ్య' అంటే ఎవరని వెతకాలి? పని అందరిదీ ఒకటే అయినప్పుడు మనిషిని గుర్తుపట్టడానికి ఊరో వస్తువో చెట్టో పూర్వీకుడో కావాలి. అందుకే గాజుల, చిలుక, కొండ, బూర, ఆడెపు, సామల, జిందం, గుండేటి వంటి పేర్లు.

బొమ్మలగుట్ట మీద ఒక పరిచయం

కరీంనగర్ నుంచి జగిత్యాల పోయే దారిలో గంగాధర దగ్గర కురిక్యాల ఉంది. ఆ పక్కన బొమ్మలగుట్ట మీద జినవల్లభుడు పదో శతాబ్దంలో, దాదాపు 945లో, శాసనం చెక్కించాడు. తెలుగులో మనకు దొరికిన తొలి కంద పద్యాలు అందులోనివే. వేములవాడ చాళుక్య రాజు రెండో అరికేసరి ఆస్థానంలో ఉన్న కన్నడ ఆదికవి పంపడికి జినవల్లభుడు తమ్ముడు.

ఆ శాసనంలో జినవల్లభుడు తన వంశాన్ని పరిచయం చేసిన తీరు చూడండి. వేంగినాడు, అందులో ఒక ఊరు, శ్రీవత్స గోత్రం, తాత పేరు, తండ్రి భీమపయ్య, తల్లి అబ్బణబ్బె. ఇప్పుడు మనం ఇంటిపేరు ఒక్కదానితో చెప్పేదంతా అప్పుడు విడివిడిగా చెప్పుకోవాల్సి వచ్చేది. ఊరు, వంశం, తాత అన్నీ కలిసి కాలక్రమంలో ఒక్క మాటలోకి కుదించుకుపోయాయి. ఇంటిపేరంటే అదే.

వేములవాడ చాళుక్యుల రాజధాని పేరుకూ ఒక ప్రయాణం ఉంది. పాత శాసనాల్లో అది లేంబులవాటకం. తర్వాత లేములవాడ, ఆపై వేములవాడ. ఈ ప్రాంతం నోట అది ఏములాడ. మొక్కు తీర్చుకోవడానికి పోయేవాళ్లు 'ఏములాడ రాజన్న' అనే అంటారు. మొదట ల ఉన్నచోట వ వచ్చింది, ఆ వ కూడా జారిపోయింది.

ఈ జారుడు ఒక్క వేములవాడకే పరిమితం కాదు. వెంకన్న ఎంకన్న అయ్యాడు, వెన్నెల ఎన్నెల అయింది. అదే దారిలో వేముల ఏముల అయింది. సిరిసిల్ల చేనేత కళాకారుడు చేతిమగ్గం మీద జీ-20 లోగో నేసి పంపితే 2022 నవంబర్‌లో ప్రధాని 'మన్ కీ బాత్'లో మెచ్చుకున్నారు. ఆ నేతన్న పేరు మన పత్రికల్లో వెల్ది హరిప్రసాద్. ఢిల్లీ నుంచి వచ్చిన ఇంగ్లిష్ ప్రసంగ పాఠంలో యెల్ది హరిప్రసాద్. కాగితం మీది వ నోట్లో ఉండదు. నోటిమాట విని రాసుకున్న చోట వ ఉండదు. ఈ చిన్న సూత్రం గుర్తుంటే షోలాపూర్‌లో ఎదురయ్యే యేముల్ ఎవరో ఇట్టే తెలిసిపోతుంది.

మగ్గం భుజాన వేసుకొని

పంతొమ్మిదో శతాబ్దంలో ఇంగ్లండ్ మిల్లు గుడ్డ వచ్చిపడి మన చేతిమగ్గాల మార్కెట్ దెబ్బతిన్నది. 1876-78 కరువు దక్కన్‌ను పీల్చేసింది. అదే సమయంలో, 1877లో, షోలాపూర్‌లో నూలు, నేత మిల్లు మొదలైంది. అక్కడివాళ్లు దాన్ని ఇప్పటికీ జూనీ మిల్లు, అంటే పాత మిల్లు, అనే పిలుస్తారు. నిజాం రాజ్యం దాటితే బ్రిటిష్ బొంబాయి ప్రెసిడెన్సీ. పని తెలిసిన చేతులకు అక్కడ కూలి దొరికింది. తెలంగాణ పద్మశాలీలు తరాల తరబడి ఆ దారి పట్టారు. షోలాపూర్ చద్దర్లకు దేశమంతటా పేరు రావడం వెనుక ఆ చేతులున్నాయి. ఆ ఊరి తూర్పు భాగంలో తెలుగు ఇప్పటికీ ఇంటి భాష. శ్రావణ పున్నమికి అక్కడ మార్కండేయ స్వామి రథం కదులుతుంది.

బొంబాయి మిల్లులకు పోయినవాళ్లు వర్లీ, పరేల్ చాళ్లలో చేరారు. 1982 జనవరిలో మొదలైన మిల్లు సమ్మె తర్వాత అక్కడి మిల్లులు ఒక్కొక్కటిగా మూతపడ్డాయి. భివండి మరమగ్గాల పట్నం. అక్కడ తెలుగువాళ్ల వాడ పేరే పద్మనగర్. సూరత్ లింబాయత్‌లో మరికొందరు. వెళ్లినవాళ్లలో కొందరు మరమగ్గం పని నేర్చుకొని తిరిగొచ్చారు. సిరిసిల్ల మరమగ్గాల పట్నంగా మారడంలో ఆ రాకపోకల పాత్ర పెద్దది. 2017 నుంచి బతుకమ్మ చీరలు నేసినవి ఆ మగ్గాలే. షోలాపూర్, సిరిసిల్ల రెండు ఊళ్లలోనూ బతుకు ఒకే తీరు. ఇంట్లో మగవాళ్లు మగ్గం మీద, ఆడవాళ్లు బీడీల చాట ముందు.

అక్షరం పోలేదు, చదివే తీరు మారింది

నిజాం కాలపు కాగితాల్లో మనిషిని 'ఫలానా వల్ద్ ఫలానా, సాకిన్ ఫలానా ఊరు' అని రాసేవారు. వల్ద్ అంటే కొడుకు, సాకిన్ అంటే ఆ ఊరి నివాసి. అక్కడ ఇంటిపేరుకు ప్రత్యేకమైన చోటు లేదు. షోలాపూర్‌లో బడిలో చేర్చేటప్పుడు, మిల్లు హాజరు పట్టీలో ఎక్కించేటప్పుడు మరాఠీ పద్ధతి ఎదురైంది. ముందు సొంత పేరు, తర్వాత తండ్రి పేరు, చివర ఇంటిపేరు. మన దగ్గర ముందు నడిచే ఇంటిపేరు అక్కడ చివరికి పోయింది. ధర్మన్న మొండయ్య సాదుల్, నర్సయ్య నారాయణ్ ఆడం అలా తయారైన పేర్లే.

మరి గాజుల చివరి అచ్చు ఎందుకు తెగింది? దేవనాగరిలో గా, జు, ల అని మూడక్షరాలు రాస్తే తెలుగు కన్ను 'గాజుల' అని చదువుతుంది. మరాఠీలో మాట చివరి అకారం పలకరు. అదే రాతను వాళ్లు 'గాజుల్' అంటారు. రాసిన గుమాస్తా తప్పు రాయలేదు, చదివిన పంతులు తప్పు చదవలేదు. రెండు భాషల పద్ధతులు ఒక పేరు మీద కలిశాయి. తర్వాత ఆ పలుకుబడిని ఇంగ్లిష్‌లో రాసేసరికి అదే స్థిరపడిపోయింది. సాదుల సాదుల్ అయింది, ఏముల యేముల్ అయింది. చివర అకారం లేని బొల్లి మాత్రం బొల్లిగానే మిగిలింది.

ఇంత దూరం పోనక్కర్లేదు. మన జగిత్యాల జిల్లా పేరును ఇంగ్లిష్‌లో రాసే తీరు చూస్తే చాలు. అందులో జగిత్యాల చివర 'జగ్తియాల్' అని తెగిపోయి ఉంటుంది. ఊరికి జరిగిందే ఇంటిపేరుకూ జరిగింది.

నిలిచిన పేర్లు, పోయిన పేర్లు

షోలాపూర్ పోయినవాళ్ల పేర్లు ముక్కయినా మిగిలాయి. ఓడలెక్కి మారిషస్, ఫిజీ, దక్షిణాఫ్రికా చెరకు తోటలకు పోయిన తెలుగువాళ్లకు ఆ మాత్రం భాగ్యం దక్కలేదు. వలస కూలీల పత్రంలో పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు రాయడానికి గడులుండేవి, ఇంటిపేరుకు గడి లేదు. దాంతో కొందరికి తండ్రి పేరే తరతరాల ఇంటిపేరుగా స్థిరపడింది. దక్షిణాఫ్రికాలో నాయుడు వంటి బిరుదు ఇంటిపేరై కూర్చుంది. అలా ఇంటిపేరు పోయిన కుటుంబాలు ఇప్పుడు తాతల ఊరు వెతకాలంటే పాత ఓడల జాబితాలే దిక్కు.

పేర్లు అంతరించిపోవడం మీద విక్టోరియా కాలంలోనే లెక్కలు కట్టారు. ఫ్రాన్సిస్ గాల్టన్, హెన్రీ వాట్సన్ 1874లో చూపిన సంగతి ఇది: తండ్రి నుంచి కొడుక్కే సంక్రమించే ఇంటిపేరు, తరతరానికీ కొడుకులు లేని ఇండ్లతో ఒక్కొక్కటిగా ఆరిపోతుంది. బ్రిటన్‌లో 1979లో ఏర్పడిన ఒక సంఘం పనే ఏకనామ పరిశోధన. ఒక్కో సభ్యుడు ఒక్కో ఇంటిపేరును పట్టుకొని అది ఎక్కడ పుట్టిందో, ఎక్కడెక్కడికి పోయిందో వివరాలు కూడబెడతాడు. మన దగ్గర ఆ పని చేసినవాళ్లు వేరే ఉన్నారు. పటం మీద బొమ్మలు చూపుతూ మార్కండేయ పురాణం, భావనారుషి కథ చెప్పే కూనపులి వాళ్లు పద్మశాలి ఇండ్లను ఆశ్రయించుకొని బతికారు. వాళ్ల పటాలు రాసింది చేర్యాల నకాషీలు. పురాణంతో పాటు గోత్రాలనూ వంశాలనూ నోటిమీద నిలబెట్టింది వాళ్లే. ఊరూరా తిరిగే ఆ కథకులు తగ్గినకొద్దీ ఆ జ్ఞాపకమూ తగ్గిపోతోంది.

ఇంతకంటే తొందరగా మరుగున పడేది ఆడబిడ్డ ఇంటిపేరు. సిరిసిల్లలో గాజుల వారి ఆడబిడ్డ భివండిలో యేముల్ ఇంటికి కోడలైతే అక్కడి పద్ధతిలో ఆమె పేరు మధ్యలో భర్త పేరు చేరుతుంది, చివర అత్తగారి ఇంటిపేరు చేరుతుంది. అవ్వగారింటి పేరు ఏ కార్డు మీదా ఉండదు. కానీ ఏ ఇంటికి ఏ ఇంటితో వియ్యం, ఎవరికెవరు వరస అని అడిగితే తడుముకోకుండా చెప్పేది ఆమే. పెండ్లి సంబంధం మాటలాడేటప్పుడు 'ఎవలోళ్లు, ఏ ఊరోళ్లు, అవ్వగారు ఎవలు' అని అడిగే ముసలమ్మ దగ్గర మూడు నాలుగు తరాల వంశవృక్షం ఉంటుంది. ఆమె పేరు చేరని వంశవృక్షం సగం వృక్షమే.

గడిలో పట్టని పేరు

ఇప్పటి వలస దారి గల్ఫ్. జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి, సిరిసిల్లలో దుబాయి పోయిన మనిషి లేని వాడ అరుదు. పాస్‌పోర్ట్ దరఖాస్తులో రెండు గడులుంటాయి, ఒకటి ఇంటిపేరుకు, ఒకటి సొంత పేరుకు. చాలామంది పేరంతా ఒకే గడిలో నింపి రెండోది ఖాళీగా వదిలేసేవారు. 2022 నవంబర్‌లో యూఏఈ ఒక నిబంధన తెచ్చింది. పాస్‌పోర్ట్ మీద ఒకే మాట పేరుగా ఉన్నవాళ్లను సందర్శక వీసాల మీద రానివ్వబోమని చెప్పింది. పాస్‌పోర్ట్‌లో మరోచోట తండ్రి పేరు ఉంటే సరిపోతుందని తర్వాత సడలించింది. అమెరికా వీసాల్లో సొంత పేరు గడి ఖాళీగా ఉంటే 'ఎఫ్‌ఎన్‌యూ' అని అచ్చువేస్తారు. మొదటి పేరు తెలియదని దానర్థం. అమ్మానాన్నలు ముచ్చటపడి పెట్టిన పేరున్న మనిషికి పేరు లేనట్టు కాగితం పుడుతుంది.

మనమే కుదించుకున్న పేర్లూ ఉన్నాయి. సిరిసిల్ల తాలూకా హనుమాజీపేటలో పుట్టి 1988కి జ్ఞానపీఠం అందుకున్న సి.నారాయణరెడ్డిని లోకమంతా సినారె అంటుంది. అందులోని 'సి' సింగిరెడ్డి. ఆయన కీర్తి వల్ల ఆ పొడి అక్షరం వెనుక ఏముందో తెలిసింది. మన ఇండ్లలో కె., వి., జి. అని రాసుకునే పిల్లలకు ఆ చుక్క వెనుక ఏముందో చెప్పేవారు ఉండాలి. వి. అంటే వేములా, వెల్దా, వల్లాలా? తాత చెప్పకపోతే మనవడికి తెలియదు. ఆధార్‌లో ఒక రాత, బీడీ కార్మికురాలి పీఎఫ్ పుస్తకంలో ఇంకో రాత, బ్యాంకులో మరో రాత ఉంటే రావాల్సిన పైసలు ఆగిపోతాయి. ఇది గౌరవానికే కాదు, పూట గడవడానికీ సంబంధించిన విషయం.

కాబట్టి చేయాల్సిన పనులు చిన్నవే, కానీ ఇప్పుడే చేయాలి. ఇంట్లో అందరి కాగితాల మీదా ఇంటిపేరును ఒకే తీరుగా, పొడి అక్షరంతో కాకుండా పూర్తిగా రాయించాలి. బిడ్డ పుట్టినప్పుడు తీసే జనన ధ్రువీకరణ పత్రంలోనే అది మొదలుకావాలి. ఒక నోటుబుక్కులో ఇంటిపేరు, గోత్రం, తాతల ఊరు, వాళ్లు పనికి పోయిన ఊళ్లు, మేనమామల ఇంటిపేరు, అమ్మమ్మ, నానమ్మల అవ్వగారిండ్ల పేర్లు తెలుగులో రాసిపెట్టాలి. భివండిలో, షోలాపూర్‌లో చుట్టాలుంటే వాళ్ల పేరు అక్కడ ఎలా రాస్తున్నారో పక్కనే రాయాలి. వేముల, ఏముల, యేముల్ మూడూ ఒకే వరుసలో ఉంటే రేపు షోలాపూర్‌లోని మనవరాలు సిరిసిల్లలో తన తాత ఇల్లు వెతుక్కోవడానికి ఆ వరుస చాలు. ఆ నోటుబుక్కు నింపడానికి కావాల్సిన పెద్దమనిషి ఇప్పుడు మీ ఇంట్లో ఉంటే ఈ ఆదివారమే పక్కన కూర్చోబెట్టుకొని అడగండి.